బాలింత అన్న మాట

మా పేటలో పెళ్ళి పిలుపులు దెబ్రితు ఇంటికి వచ్చేవి కావు. ఆమె పని చావుల్లో. ఎవరింట్లో ప్రాణం పోయినా ముందు చర్చికి ఒకరు, దెబ్రితు ఇంటికి ఒకరు పరిగెత్తేవాళ్ళు. ఆమె వడుకుతున్న దూది పక్కన పెట్టి, తెల్ల శాలువా అంచు చావు గుర్తుగా పైకి తిప్పి కప్పుకుని, వచ్చినవాళ్ళ వెంట బయల్దేరేది. దారిలో ఒకటే అడిగేది: "ఇంట్లో ఏమని పిలిచేవాళ్ళమ్మా?" పోయినవాళ్ళు ఎంత గొప్పవాళ్ళు, ఎంత పొలం ఉంది, ఇవేవీ ఆమెకి అక్కర్లేదు. అక్కడికి చేరాక ఆడవాళ్ళ మధ్యలో నిలబడి పాట అప్పటికప్పుడు అల్లేది. రెండేసి పాదాలు ఆమె అనేది, గుండెలు బాదుకుంటూ మేం అందుకునేవాళ్ళం.

నేను ఆమె పక్కింటిదాన్ని. పేరు అసెగెదెచ్. ఆమె 'అసెగె' అనేది. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే మట్టిగోడ. వాళ్ళింట్లో కాఫీ గింజలు వేగితే మా ఇంట్లో వాసన వచ్చేది, నేను వెళ్ళి కూర్చునేదాన్ని.

ఆమె మాటలు ఏరుకునే తీరు చెప్పాలంటే ధాన్యం వ్యాపారి భార్య చావు చెప్పాలి. సవతి పిల్లల్ని ఆకలికి మాడ్చిన మనిషి ఆవిడ. వ్యాపారి దెబ్రితుని పిలిచి, "తల్లి గురించి పాడు, బాగా పాడు" అన్నాడు. దెబ్రితు ఎంతో బాగా పాడింది. కాని పాట మొత్తంలో ఎక్కడా 'తల్లి' అనలేదు. 'తాళాల దొరసాని' అంది. 'తాళాల దొరసాని వెళ్ళిపోయింది, గాదెలు మూగబోయాయి' అంది. వ్యాపారికి అది ఘనంగా వినబడింది, తల ఊపాడు. పెద్ద సవతి కొడుకు మాత్రం చటుక్కున తలెత్తి ఆమె వంక చూశాడు. చాలాసేపు చూశాడు.

ఇంటికొచ్చాక అడిగాను, "ఎందుకక్కా అట్లా అన్నావు?"

"తప్పేముందే? తాళాలు ఆవిడ దగ్గరే కదా ఉండేవి" అంది.

గొజ్జాం అనే కొండసీమలో, లోయ అంచున ఉన్న చిన్న ఊరు మాది. చక్రవర్తి పోయాక, సైనికుల ప్రభుత్వం వచ్చాక, పేటకో సంఘం పెట్టారు. మా పేట సంఘానికి తఫెరె అధ్యక్షుడు. మా కళ్ళెదుట పెరిగినవాడే. అతని తల్లి జెర్ఫె మాతోపాటు వాగుకి నీళ్ళకి వచ్చేది. పిల్లప్పుడు ముక్కు కారుతూ మా కోళ్ళని తరిమినవాడు, ఇప్పుడు నడుముకి పిస్తోలు కట్టుకుని తిరిగేవాడు. అతని వెనక తుపాకులు పట్టుకున్న కుర్రాళ్ళు తిరిగేవాళ్ళు. వాళ్ళని కాపలాదళం అనేవాళ్ళు.

మా వీధి చివర తాంగుట్ ఉండేది. భర్త లేడు. ఒక్కడే కొడుకు, సిసాయ్. పంతులు ఉద్యోగానికి చదువుతుండేవాడు. అతని సంచిలో ప్రభుత్వానికి వ్యతిరేకంగా అచ్చువేసిన కాగితాలు దొరికాయని కాపలాదళం తీసుకెళ్ళింది. కొన్నాళ్ళకి ఉదయం పూట శవాన్ని ధాన్యం సంత గోడ దగ్గర పడేశారు. మెడలో అట్టముక్క వేలాడుతోంది, 'ప్రజల శత్రువు' అని. తాంగుట్‌ని పిలిపించి చూపించారు. తఫెరె అక్కడే నిలబడి చెప్పాడు: ఏడ్వకూడదు. పరామర్శకి వచ్చేవాళ్ళకి గుడారం వేయకూడదు. నల్లబట్ట కట్టకూడదు. శత్రువు కోసం ఏడ్చేవాడూ శత్రువే.

మర్నాడు సంఘం మీటింగుకి తాంగుట్‌ని ముందు వరసలో కూర్చోబెట్టారు. అందరితోపాటు చప్పట్లు కొట్టింది. ఆ చేతుల్ని నేను చూశాను. ఒకదానికొకటి తగులుతున్నాయి, చప్పుడు రావడం లేదు.

ఆ తర్వాత ఆమె ఏడవటానికి ఒకటే దారి దొరికింది. ఉల్లిపాయలు కోస్తుంటే కళ్ళ నీళ్ళు ఎవరూ అడగరు. అది ముందు దెబ్రితు కనిపెట్టింది. ఒక పూట గంపెడు ఉల్లిపాయలు తీసుకెళ్ళి, "వదినా, నా వేళ్ళు నొప్పులు, ఇవి కోసిపెట్టవా" అంది. ఇక మేమందరం మొదలుపెట్టాం. ఎవరింట్లో కూరకైనా ఉల్లిపాయలు తాంగుట్ గుమ్మంలోనే తరగడం. కాపలాదళం కుర్రాడు ఒకడు అటు వెళ్తూ నవ్వాడు. "ఏం పెద్దమ్మా, హోటలు పెడుతున్నావా?"

"అవును నాయనా" అంది తాంగుట్, తలెత్తకుండా. "ఆకలైతే రా."

ఆమె తిండి మాత్రం రోజురోజుకీ తగ్గింది. చలికాలం వెళ్ళేసరికి మంచం పట్టింది. వానలు రాకముందే పోయింది.

తాంగుట్ చావుకి ఏడవద్దని చెప్పలేకపోయాడు తఫెరె. ముసలిది రోగంతో పోయింది, ప్రజల శత్రువు కాదు. గుడారానికి ఒప్పుకున్నాడు. కాని శవం లేవకముందు దెబ్రితు ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను, కాఫీ దంచుతున్నాను. లోపలికి రాలేదు, గుమ్మంలో నిలబడే మాట్లాడాడు.

"అత్తా, తల్లిని తల్లిగా ఏడ్వు. నాకేం అభ్యంతరం లేదు. కాని కొడుకు ఊసు రాకూడదు. వాడి పేరే కాదు, 'కొడుకు' అన్న మాట కూడా రాకూడదు. నెత్తురు, తుపాకి, గోడ, సంత, ఇవేవీ వినబడకూడదు. అర్థమైందా?"

"అర్థమైంది నాయనా."

"ఎదురుగా మనుషుల్ని నిలబెడతాను."

"నిలబెట్టు. చావుకి ఎంతమంది వస్తే అంత మంచిది."

అతను వెళ్ళాక ఆమె దూది పక్కన పెట్టింది. నేను భయపడి, "అక్కా, ఒంట్లో బాగాలేదని మానెయ్యరాదా?" అన్నాను. ఆమె లేచింది. శాలువా అంచు పైకి తిప్పుకుంది.

చర్చి ఆవరణలో శవం దించారు. ఆడవాళ్ళం చుట్టూ చేరాం. కాపలాదళం వాళ్ళు మా వలయంలోకే వచ్చి, శవానికి అటూ ఇటూ తుపాకులతో నిలబడ్డారు. వాళ్ళ వెనక తఫెరె. దెబ్రితు మామూలుగా మొదలుపెట్టింది: తాంగుట్ చేతి రొట్టెల రుచి, వాకిలి ఊడ్చే తీరు, ఎవరికి జ్వరం వచ్చినా ముందు ఆమె వెళ్ళడం. మేం అందుకున్నాం. అప్పగించిన పాఠంలా అందుకున్నాం. తఫెరె చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు దెబ్రితు గొంతు తగ్గించింది. ఇంట్లో నిద్రపోతున్నవాళ్ళ పక్కన మాట్లాడినట్టు అంది:

బాలింత పడుకుంది, తలుపు దగ్గరగా వేయండి,
గాలి తగలనీకండి, జావ వెచ్చబెట్టండి.
ఎవరూ పిలవకండి, ఎవరూ లేపకండి,
పొత్తిళ్ళలో వెచ్చగా ఉంది, పక్కకు జరగండి.

చివరి మాట అంటూ ఆమె తుపాకులవాళ్ళ వైపు చెయ్యి ఆడించింది. పురుడొచ్చిన గదిలో అడ్డంగా నిలబడ్డ మగవాళ్ళని పొమ్మన్నట్టు, మెల్లిగా. ఒక కుర్రాడు నిజంగానే ఒకడుగు వెనక్కి వేశాడు.

ఒక్క క్షణం ఎవరూ అందుకోలేదు. తల నెరిసిన మనిషి, మొగుడు పోయి ఎన్నేళ్ళో అయిన మనిషి, బాలింత ఏమిటి? తర్వాత నా పక్కన ఎవరో కుప్పకూలారు. ఇంకెవరో జుట్టు పట్టుకుని అరిచారు. మా వైపు బాలింతకీ, పిల్లల్ని పెట్టి పొదలో పడుకున్న చిరుతకీ ఒకటే మాట. పిల్లల్ని ముట్టుకుంటే మీదపడే ఆ చిరుతలా ఎవరైనా ఒళ్ళు తెలియని కోపంతో ఊగిపోతుంటే 'బాలింత పులి' అంటాం. ఆ మాట ఆ గుంపులో నిప్పులా పాకింది. "సిసాయ్!" అని ఎవరు ముందు అరిచారో తెలియదు. ఆ తర్వాత అందరం అరిచాం. నెలల తరబడి ఉల్లిపాయల్లో దాచుకున్నదంతా బయటికి వచ్చింది. నేలమీద పడి దొర్లాం. అందరికంటే గట్టిగా అరిచిన గొంతు జెర్ఫెది, తఫెరె తల్లిది.

గాల్లోకి కాల్చారు. జనం చెదిరిపోయారు. చర్చి పూజార్లు ప్రార్థనలు సగంలో ఆపి శవాన్ని గబగబా గుంటలో దించారు. దెబ్రితుని అక్కడినుంచే తీసుకెళ్ళారు.

రెండు రోజుల తర్వాత మమ్మల్ని సంఘం హాల్లోకి పిలిపించారు. దెబ్రితుని గోడవారగా కూర్చోబెట్టారు. కాళ్ళు చాపుకుని ఉంది, అరికాళ్ళకి గుడ్డలు చుట్టి ఉన్నాయి. తఫెరె బల్ల వెనక కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేనట్టుంది.

"ఒక్కొక్కరూ చెప్పండి. బాలింత అంటే మీకేం తట్టింది?"

మొదట ముసలి పూజారి భార్య. "జావ నాయనా. వెన్న వేసిన జావ."

"నువ్వు?"

"సాంబ్రాణి పొగ" అంది ఇంకొకామె.

"చీకటి గది. తలుపు మూసి ఉండటం."

"పాల వాసన."

నన్ను అడిగాడు. "మాడు మీద వెన్న పెడతారు కదా, అది కరిగి మెడమీదికి కారడం" అన్నాను. అబద్ధం కాదు. అది కూడా తట్టింది నాకు.

మేం భయపడి ఏవో చెబుతున్నామని అతనికి తెలుసు. మేం చెప్పిందేదీ అబద్ధం కాదని కూడా తెలుసు. అదే అతన్ని మండించింది. బల్ల మీద కొట్టాడు. "జావ తలుచుకుని నేలమీద దొర్లారా? వెన్న తలుచుకుని వాడి పేరు అరిచారా?"

వెనక నుంచి, గొడ్డళ్ళకి పిడులు తొడిగేవాడి భార్య, నోటికి జడిసే రకం కాదు, అనేసింది: "మీ అమ్మని కూడా అడగరాదా నాయనా? అందరికంటే గట్టిగా అరిచింది ఆమే కదా?"

కాపలా కుర్రాడు ఆమె చెంప పగలగొట్టాడు. తఫెరె ఆ కుర్రాణ్ణి చూడలేదు, ఆమెనీ చూడలేదు. జెర్ఫెని పిలిపించలేదు. ఆమె తనంత తానుగా రాలేదు కూడా. హాలుకి ఎదురుగానే వాళ్ళిల్లు. తలుపు దగ్గరగా వేసి ఉంది.

తర్వాత అతను లేచి దెబ్రితు దగ్గరికి వెళ్ళాడు. గొంతు మెత్తబరిచాడు. నిజంగానే ఆ గొడవ వదిలించుకోవాలనుకున్నట్టు అనిపించింది నాకు.

"అత్తా, నువ్వు పెట్టలేదు అందులో పులిని. వీళ్ళే పెట్టుకున్నారు. అవునా? ఆదివారం చర్చి బయట నిలబడి ఆ మాట చెప్పు. 'నేను అన్నది మామూలు బాలింతని, మీరు తప్పుగా విన్నారు' అని చెప్పు చాలు. పాట మళ్ళీ పాడు. బాలింత తీసేసి 'తల్లి' అని పెట్టి పాడు. ఇంటికి పంపేస్తాను."

"తల్లి పడుకుంది" అంది దెబ్రితు, మెల్లిగా, రుచి చూస్తున్నట్టు. "తల్లి పడుకుంటే జావ ఎందుకు నాయనా వెచ్చబెట్టడం? తలుపు ఎందుకు వేయడం? అది నిలవదు."

"నిలవకపోతే నిలవకపోనీ!"

ఆమె మా వైపు చూసింది. ఒక్కొక్కరినీ చూసింది. "వీళ్ళు తప్పుగా విన్నారని నేను చెప్పను" అంది.

"పిల్లలు కననిదానివి. బాలింత గురించి నీకేం తెలుసని ఇంత పట్టు?" అన్నాడు, కోపం ఆపుకోలేక.

ఆమె అరికాళ్ళ గుడ్డ సర్దుకుంది. మర్నాడు లారీ ఎక్కించి జిల్లా జైలుకి పంపేశారు.

కొన్నేళ్ళు అక్కడే ఉంది. తిరిగి వచ్చేసరికి మనిషి సగమైంది. అరికాళ్ళు నేలకి ఆనవు, పాదాల అంచుల మీద నడిచేది. జైల్లో తడినేల మీద పడుకుని ఊపిరితిత్తులకి జబ్బు పట్టుకుంది. గొంతు పోయింది, గరగర తప్ప ఏమీ రాదు. చావులకి ఎవరూ పిలవలేదు. పిలిచినా వెళ్ళలేదు. దూది వడుకుతూ కూర్చునేది. నేను కాఫీ కాచి తీసుకెళ్ళేదాన్ని.

ఒక మధ్యాహ్నం, మూడో గిన్నె పోస్తూ అడిగాను. "అక్కా, ఆ రోజు చెప్పేసి ఉంటే సరిపోయేది కదా. పులిని నువ్వు పెట్టావా, లేదా?"

దగ్గు తగ్గేదాకా ఆగి చెప్పింది.

"పెట్టలేదే."

నేను గిన్నె కింద పెట్టాను.

"నాకు ఒకసారి పురుడొచ్చింది. నువ్వు అప్పటికి ఈ పేటకి రాలేదు. బిడ్డ ఏడవలేదు. తీసి, గుడ్డలో చుట్టి తీసుకెళ్ళిపోయారు. మంత్రసాని, 'ఇక లేచి పని చూసుకో, బిడ్డ లేనప్పుడు బాలింత ఎక్కడిది' అంది. మా అత్త కూడా అదే అంది. తాంగుట్ ఒప్పుకోలేదు. తలుపు వేసింది. జావ చేసింది. మాడు మీద వెన్న పెట్టింది. నెలంతా తలుపు దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ, 'లోపల బాలింత ఉంది, మెల్లిగా మాట్లాడండి' అని చెప్పింది. బిడ్డ లేకపోయినా బాలింత బాలింతే అంది. తాంగుట్ శవం ముందు నిలబడితే నాకు అదొక్కటే గుర్తొచ్చింది. కొడుకుని పోగొట్టుకుంటే ఆమెకి ఎవరూ తలుపు వెయ్యలేదు కదా. చప్పట్లు కొట్టించారు. అందుకని పాటలో నేను వేశాను."

"మరి అదే చెప్పాల్సింది తఫెరెకి!"

"చెబితే మీ ఏడుపు ఏమవుతుందే? సిసాయ్ కోసం ఊరు ఏడ్చింది ఆ ఒక్కసారే. ఆ మాటలో పులి ఉందని మీకు వినబడింది కాబట్టి ఏడ్చారు. లేదని నేను చర్చి ముందు నిలబడి చెప్పమంటావా? మీకు వినబడిందంటే ఉన్నట్టే." గిన్నె అందుకుని, "నాకే వినబడలేదు" అంది. నవ్వబోయింది గాని దగ్గు వచ్చింది.

ఆ ఏడాదే తఫెరెని చంపేశారు. పైవాళ్ళలో వాళ్ళకే తగువులు వచ్చి, ఒక వర్గం ఇంకో వర్గాన్ని ఏరేస్తున్న రోజులు. మీటింగని పట్నానికి పిలిపించారు, దారిలో కాల్చేశారు. శవం రాలేదు. 'ప్రజల శత్రువు' అని అతని పేరు పక్కనా రాశారు. కొత్త అధ్యక్షుడు వచ్చి జెర్ఫె గుమ్మంలో నిలబడి, ఏడ్వకూడదని చెప్పి వెళ్ళాడు. కాపలా అక్కర్లేకపోయింది. ఆ ఇంటికి ఎవరూ వెళ్ళలేదు. ఒక్క ఉల్లిపాయ కూడా ఎవరూ తీసుకెళ్ళలేదు.

కొన్నాళ్ళకి జెర్ఫె దెబ్రితు ఇంటికి వచ్చింది. పట్టపగలు, అందరూ చూస్తుండగా వచ్చింది. గుమ్మంలోనే చతికిలబడింది. నేను లేచి వెళ్ళిపోబోతే దెబ్రితు ఉండమని సైగ చేసింది.

"నా బిడ్డకి రెండు పాదాలు చెప్పు" అంది జెర్ఫె. "గట్టిగా వద్దు. నా చెవిలో చెప్పు చాలు. చెప్పేవాళ్ళు ఎవరూ లేరు."

దెబ్రితు చేతిలో దారం ఆగలేదు. "అతనికి నా దగ్గర ఏమీ లేదు" అంది. కసి లేదు ఆ గొంతులో. జాడీలో నూనె లేదని చెప్పినట్టు చెప్పింది.

జెర్ఫె తల ఊపింది. వెళ్ళదు. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. చివరికి జెర్ఫె అంది, "పోనీ నాకు?"

అప్పుడు దారం ఆగింది. దెబ్రితు ఆమె ముఖంలోకి మొదటిసారి చూసింది. చాలాసేపు పెదవులు కదిపింది, చప్పుడు లేదు. మాటలు ఏరుకుంటోందని నాకు తెలుసు. ఒకటి తీసి పక్కన పెట్టడం, ఇంకోటి తీసి చూడటం. తర్వాత గరగరలాడే గొంతుతో అంది:

కన్నది ఒకతె, కన్నదంతా దిగమింగుకుంది,
గుమ్మంలో కూచుంది, రమ్మనే గొంతు లేదు.

తల్లి అనలేదు. అమ్మ అనలేదు. బాలింత అసలే అనలేదు. 'కన్నది' అంది. బిడ్డని కన్నది, వాడు చేసిందంతా కళ్ళారా కన్నది. ఆ మాటకి వెచ్చదనం లేదు, తిట్టూ లేదు. ఉన్నది ఉన్నట్టుగా, ఒంటిమీద బట్ట లేని మాట.

జెర్ఫెకి రెండూ వినబడ్డాయి. ముఖం చేతుల్లో పెట్టుకుంది. "అవును. మింగాను. ఆ రోజు తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను" అంది. తర్వాత ఏడ్చింది, చప్పుడు కాకుండా, భుజాలు మాత్రం ఎగసిపడుతూ. దెబ్రితు ఓదార్చలేదు. లోపలికి రమ్మనలేదు. కాని ఆమె ఏడ్చినంతసేపూ వడకడం మళ్ళీ మొదలుపెట్టలేదు. నన్ను కాఫీ ఒక గిన్నె ఎక్కువ పోయమంది. నేను తీసుకెళ్ళి గుమ్మంలో పెట్టాను. జెర్ఫె తాగింది.

వానలు పట్టాక దెబ్రితుకి దగ్గుతో నెత్తురు పడటం మొదలైంది. వానల చివర, మా కొత్త సంవత్సరానికి పూసే పసుపు పూలు రాకముందే పోయింది. ఒళ్ళు కడగడానికి మేం నలుగురైదుగురు ఆడవాళ్ళం లోపలికి వెళ్ళాం. చూస్తే జెర్ఫె కూడా వచ్చి ఉంది, చెంబు పట్టుకుని. ఎవరూ ఆమెని పలకరించలేదు, పొమ్మనలేదు. పాదాల దగ్గర కూర్చుని, ఆ మెలికలు తిరిగిన అరికాళ్ళని రెండు చేతులతో పట్టుకుని, ఆమే కడిగింది.